ఇల్లు ఖాళీ చేయించే ముందు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుట్నించి ఈ మైకు ముందుకి డాక్టర్లు వచ్చారు, ఇంజనీర్లు వచ్చారు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళూ మాట్లాడారు. నేను చేసేది పాత ఇళ్ళు ఖాళీ చేసే పని. విజయవాడలో రెండు ట్రక్కు ఆటోలు, ఒక చిన్న లారీ, తొమ్మిది మంది కుర్రాళ్ళు, ఒక మేస్త్రీ. ఇంట్లో పెద్దవాళ్ళు పోయాకో, పిల్లల దగ్గరికి వెళ్ళిపోయాకో, ఇల్లు బిల్డరుకి ఇచ్చాకో మాకు ఫోను వస్తుంది. అందులో మిగిలిందంతా బయటికి తెచ్చి, అమ్మేది అమ్మి, ఒకరికి పనికొచ్చేది ఇచ్చి, పారేసేది పారేసి, ఊడ్చి తాళంచెవి చేతికిస్తాం. మా అమ్మ మాత్రం చుట్టాలకి 'మావాడు ట్రాన్స్‌పోర్టు' అని చెబుతుంది. అదీ అబద్ధమేం కాదు.

ఇవాళ మాట్లాడతానని కమిటీవాళ్ళని అడిగింది నేనే. దానికొక కారణం ఉంది. మీ చేతుల్లో ఉన్న కార్యక్రమాల కరపత్రం చివరి పేజీ చూడండి. వచ్చే వేసవి సెలవుల్లో మన పాత రేకుల షెడ్డు తీసేసి, సైన్సు ల్యాబు గది, పక్కన స్టోరు గది ఖాళీ చేసి, ఆ జాగాలో కొత్త లైబ్రరీ కట్టాలని రాశారు. చాలా మంచి ఆలోచన. నా వంతు చందా ఇచ్చేశాను. కానీ దాని కింద 'పూర్వ విద్యార్థులు, 9వ తరగతి విద్యార్థులచే శ్రమదానం' అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం గురించి మాట్లాడాలి. అక్కడికి రావాలంటే ముందు మా పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి.

మా పని చూసినవాళ్ళు ఇది కండబలం పని అనుకుంటారు. బరువు ఉన్నమాట నిజమే. ఇనప బీరువాని రెండో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దించడం తమాషా కాదు. ముందు దాన్ని పూర్తిగా ఖాళీ చేయాలి, సొరుగులు ఊడదీయాలి, తలుపు మధ్యలో తెరుచుకోకుండా తాడుతో బిగించాలి. కింది వైపు పట్టుకున్నవాడి మీదే బరువంతా పడుతుంది కాబట్టి అక్కడ ఇద్దరుండాలి. జారిందంటే వదిలేసి పక్కకి తప్పుకోవాలి గానీ ఆపబోకూడదు. వెయ్యి రూపాయల బీరువా కోసం నడుం విరగ్గొట్టుకున్నవాళ్ళని చూశాను. అయినా బరువు కంటికి కనపడుతుంది. ఎత్తేవాడు జాగ్రత్త పడతాడు. మావాళ్ళకి ఎక్కువగా దెబ్బ తగిలేది కనపడనివాటి వల్ల. మా కంటికి కనపడనివి చాలాసార్లు ఆ ఇంటివాళ్ళకి ముందే తెలిసి ఉంటాయి.

గన్నవరం వైపు ఒక మండువా ఇల్లు. ఆ రైతు పోయి రెండేళ్ళయింది. కొడుకు విదేశంలో ఉన్నాడు. ధాన్యం గదిలో గోనెసంచుల కట్ట కింద మూత బిగించిన అల్యూమినియం గొట్టం ఒకటి దొరికింది. లోపల బూడిదరంగు బిళ్ళలు. మావాడొకడు వాటిని కలరా ఉండలనుకున్నాడు. మూత తీసి, గది కడగడానికి తెచ్చిన నీళ్ళ బకెట్ పక్కన పెట్టబోతుంటే మేస్త్రీ చూసి అరిచాడు. అవి ధాన్యానికి పురుగు పట్టకుండా పెట్టే బిళ్ళలు, అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని చెమ్మ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. మూడు గ్రాముల బిళ్ళ నుంచి ఒక గ్రాము వాయువు వస్తుంది. నీళ్ళలో పడితే ఒక్కసారిగా వస్తుంది, అంటుకోనూవచ్చు. తలుపులు మూసిన గదిలో మనిషి ప్రాణం పోవడానికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు. దానికి విరుగుడు మందు కూడా లేదు. మా మేస్త్రీకి తెలియడానికి కారణం ఒక్కటే, అతను చిన్నప్పుడు రైస్ మిల్లులో పనిచేశాడు. అందరినీ బయటికి పిలిచి, తలుపులు, కిటికీలు తీసిపెట్టి, ఆ ఊరి వ్యవసాయ అధికారికి చూపించి, ఆయన చెప్పినట్టు చేశాం.

సాయంత్రం ఆ కొడుకుతో ఫోనులో ఈ సంగతి చెబితే, 'అవునండీ, నాన్నగారు ఎప్పుడూ వాడేవారు, ఆ గదిలోకి మమ్మల్ని రానిచ్చేవారు కాదు' అన్నాడు. మంచి మనిషే. మాకు డబ్బు కూడా అడిగిన దానికంటే ఎక్కువే పంపాడు. ఆ ఒక్క ముక్క పొద్దున తాళాలు ఎక్కడున్నాయో చెప్పేటప్పుడు చెప్పాలని మాత్రం ఆయనకి తట్టలేదు.

రెండోది ఇంతకంటే చిన్న విషయం. చిన్నదనే అనుకుంటాం. ఒక ఫ్లాటులో మంచం పక్కనున్న చెత్త సంచీని మా కుర్రాడొకడు ఎత్తుకుని నడుస్తున్నాడు. సంచీ ఊగి తొడకి తగిలింది. లోపల ఇన్సులిన్ సూదులున్నాయి, ఒకటి గుచ్చుకుంది. ఆ పెద్దావిడ పదేళ్ళుగా షుగరుకి ఇంజక్షన్లు చేసుకునేది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. చెత్త సంచీలో సూదులుంటాయని మాత్రం ఎవరూ మాతో అనలేదు. వాడికి హెపటైటిస్ బి టీకా అంతకుముందే వేయించి ఉన్నాం, మూడు డోసులూ పూర్తయ్యాయి. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడిగించి, అదే పూట ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. సూది ఎవరిదో, ఏ జబ్బుందో మాకు ఖాయంగా తెలియదు కాబట్టి హెచ్.ఐ.వి. రాకుండా 28 రోజులు మాత్రలు ఇచ్చారు. ఆ మందు 72 గంటల లోపల మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. తర్వాత మళ్ళీ మళ్ళీ రక్త పరీక్షలు. వాడికి ఏమీ కాలేదు. ఏమీ కాలేదని తేలడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. అప్పటికి వాడి పెళ్ళికి ముహూర్తం పెట్టి ఉంది. ఆడపిల్ల తరఫువాళ్ళకి ఏం చెప్పాలో వాడికీ తెలియలేదు, వాళ్ళ నాన్నకీ తెలియలేదు. ముహూర్తం మార్చారు. మార్చినందుకు ఊళ్ళో ఏమేం అనుకున్నారో వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు వాడికో పాప. అయినా ఆ మూడు నెలల సంగతి తీస్తే వాడు మాట మార్చేస్తాడు.

సూదుల్ని ఒక గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, పైన 'సూదులు' అని రాస్తే ఇదేదీ లేదు. ఇందుకు పైసా ఖర్చు లేదు. 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు కూడా ఇదే చెప్పాయి. తడి చెత్త, పొడి చెత్తతో పాటు ఇంట్లోని హానికరమైన చెత్తని వేరుగా ఇవ్వడం ఇంటివాళ్ళ బాధ్యత అన్నాయి. రంగు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, ట్యూబులైట్లు, గడువు తీరిన మందులు, పగిలిన థర్మామీటర్లు, వాడేసిన బ్యాటరీలు, సూదులు ఆ లెక్కలోకే వస్తాయి. మూడు రంగుల డబ్బాలు ఇంటికి పంచినప్పుడు మూడోదాంట్లో చాలామంది ఉల్లిపాయలు పోసుకున్నారు. నవ్వొస్తుంది గానీ, ఆ మూడోదే మా ప్రాణం.

చదువుకున్నవాళ్ళ దగ్గర ఇలాంటివి జరగవని అనుకోకండి. 2010లో ఢిల్లీలో జరిగింది మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగంలో కోబాల్ట్-60 ఉన్న గామా కిరణాల యంత్రం ఒకటి 1985 నుంచి వాడకం లేకుండా పడి ఉంది. 2010 ఫిబ్రవరిలో గది ఖాళీ చేస్తూ పాత సామానుతో పాటు వేలంలో అమ్మేశారు. అది మాయాపురి తుక్కు మార్కెట్టుకి చేరింది. అక్కడివాళ్ళు సీసం కోసం విప్పారు, లోపలున్న కడ్డీలని ముక్కలు చేశారు. మెరిసే ముక్క కదా అని ఒకాయన పర్సులో పెట్టుకున్నాడు. ఏప్రిల్‌లో ఒంటి మీద చర్మం నల్లబడి, వాంతులతో ఒక్కొక్కరే ఆసుపత్రికి చేరాక గానీ విషయం బయటపడలేదు. ఒక కార్మికుడు చనిపోయాడు. ఆ యంత్రంలో ఏముందో కొన్నరోజున అక్కడి వాళ్ళకి తెలుసు. పాతికేళ్ళలో తెలిసినవాళ్ళు రిటైరయ్యారు, కాగితాలు ఏ బీరువాలోనో ఉండిపోయాయి, వస్తువు మాత్రం గేటు దాటింది. విప్పినవాడికి దాని గురించి తెలిసే దారి లేదు.

నేను ఎప్పుడు ఏ ఇంటి తాళం తీసినా ఆ మాయాపురి కుర్రాళ్ళు గుర్తొస్తారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగినప్పుడు మాకు వారాల తరబడి అదే పని. అది వేరే రకం. పరుపులు నీళ్ళు పీల్చి నలుగురు ఎత్తినా లేచేవి కావు. బురద కింద ఏముందో తెలియదు. గాజుముక్క, మేకు, పాము, ఏదైనా కావచ్చు. అప్పుడు మేం పెట్టుకున్న నియమాలు ఇప్పటికీ మానలేదు. ముందు కరెంటు మెయిన్ తీయాలి, తర్వాత ఇన్వర్టర్ తీగలు విప్పాలి. మెయిన్ తీసినా ఇన్వర్టర్ షాకు కొడుతుందని చాలామందికి తెలియదు. చెయ్యి పెట్టే ముందు కర్రో కొక్కెమో పెట్టాలి. మోకాళ్ళ దాకా బూట్లు వేసుకోవాలి. కాళ్ళ మీద పుండో గీతో ఉన్నవాడు ఆ నీళ్ళలో దిగకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, మనం ఎలుక జ్వరం అంటామే, అది. డాక్టరుగారిని అడిగి దానికి ముందుజాగ్రత్త మాత్రలు కూడా వేయించాం. జ్వరమొస్తే 'వరద నీళ్ళలో పనిచేశాను' అని డాక్టరుకి చెప్పమని ప్రతివాడికీ నేర్పాం. ఆ మాట చెప్పకపోతే వైరల్ జ్వరం అనుకుని పంపేస్తారు.

అక్కడే ఒక ఇంట్లో ఇంకోటి చూశాం. బురద కంపు పోవాలని ఇంటావిడ నేల మీద బ్లీచింగ్ పౌడరు చల్లి, దాని మీద బాత్రూం యాసిడ్ పోసింది. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. దగ్గుతూ వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. సమయానికి బయటికి రాగలిగింది కాబట్టి సరిపోయింది. ఇది వరదలకే కాదు, మీ ఇళ్ళలో ఇవాళ సాయంత్రానికీ పనికొచ్చే సంగతి.

ఇక్కడున్నవాళ్ళలో సగం మంది వయసు నా వయసే. అంటే అమ్మానాన్నల ఇల్లు ఖాళీ చేయించే వయసు. ఆ రోజు మీకు బాధగా ఉంటుంది, అటక మీద ఏముందో ఆలోచించే ఓపిక ఉండదు. అందుకే ఇప్పుడే చెబుతున్నాను. మాలాంటివాళ్ళని పిలిచినప్పుడు సామాను లిస్టు ఇవ్వక్కర్లేదు. ఒక్కసారి కళ్ళు మూసుకుని ఆ ఇంట్లో తిరిగి రండి. నాన్నగారు పురుగుమందు ఎక్కడ పెట్టేవారు? ఎండోసల్ఫాన్‌ను 2011లోనే సుప్రీంకోర్టు ఆపించింది, అయినా పశువుల పాకల్లో ఆ డబ్బాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి మాకు. అమ్మగారి మందులు, సూదులు ఎక్కడ? బంగారానికి మెరుగు పెట్టే యాసిడ్ సీసా ఉండేదా? గ్యాస్ సిలిండరు నిండా ఖాళీయా? ఏ మెట్టు ఊగుతుంది, ఏ దూలానికి చెద పట్టింది, బావి మీద కప్పిన చెక్క ఎన్నాళ్ళది? ఇవన్నీ మీకు తెలుసు, మాకు తెలియవు. ఐదు నిమిషాల ఫోను చాలు.

'పనిలో పని' అనే మాట ఒకటుంది, దానికి మాత్రం మేం ఒప్పుకోం. 'ఎలాగూ వచ్చారు కదా, పనిలో పని ఆ సెప్టిక్ ట్యాంకు కూడా తీయించేయండి, కుర్రాడెవడైనా దిగుతాడులే' అంటారు. దిగడు. ఆ వాయువులో మనిషి రెండు మూడు ఊపిర్లకే పడిపోతాడు, వాడిని తీయబోయి రెండోవాడు, వాడి కోసం మూడోవాడు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే జాగ్రత్త పడవచ్చనుకుంటారు. మోతాదు ఎక్కువైతే ఆ వాసన పట్టే శక్తే ముక్కుకి పోతుంది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని అందులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. దింపించిన ఇంటివాళ్ళకీ మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు ఉండొచ్చు. మురుగు గుంటల్లో చనిపోయినవారి కుటుంబాలకి ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంచింది. ఆ పని మిషనుది, మనిషిది కాదు. ఈ విషయంలో మావాళ్ళు నా మాట కూడా వినక్కర్లేదని చెప్పి ఉంచాను.

ఇక మన బడి సంగతి.

ఆ రేకుల షెడ్డులో మనం అన్నాలు తిన్నాం, వానొస్తే ఒకటే చప్పుడు, మాస్టారి పాఠం వినపడేది కాదు. ఆ రేకులు ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు. కదలకుండా ఉన్నంతకాలం పెద్ద ప్రమాదం లేదు. సుత్తితో కొట్టి పగలగొడితే కంటికి కనపడని పోగులు గాలిలో లేస్తాయి, ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతాయి. జబ్బు బయటపడటానికి 20 ఏళ్ళు, 30 ఏళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నాకు యాభై దాటాయి. నాకొచ్చే నష్టం తక్కువ. 9వ తరగతి పిల్లవాడికి 14 ఏళ్ళు. లెక్క మీరే వేసుకోండి. కాబట్టి ఆ రేకుల దగ్గరికి పిల్లలు రాకూడదు. దగ్గర కాదు, ఆ రోజు బడి ఆవరణలోకే రాకూడదు. రేకుల్ని నీళ్ళతో బాగా తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా ఒక్కోటీ నిండుగా కిందికి దించాలి. రేకు మీద కాలు పెట్టి నడిస్తే విరిగి కింద పడతారు. చెక్క పలకలు పరిచి వాటి మీదే నడవాలి. దించేవాళ్ళకి గుడ్డ మాస్కు పనికిరాదు, ఎన్-95 కూడా చాలదు, పి-100 ఫిల్టరున్న మాస్కు కావాలి. విరిగిన ముక్కల్ని పొడి చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతో ఎత్తి మందపాటి పాలిథీన్‌లో చుట్టాలి. ముక్కలు దారిలో గుంటలు పూడ్చడానికి అడుగుతారు, కోళ్ళగూటికి అడుగుతారు. ఇవ్వకండి. ఊరికి మంచి చేద్దామని మొదలుపెట్టి రేకు పొడిని వీధి వీధికీ పంచినట్టవుతుంది.

ల్యాబు గది ఇంకో కథ. మన సైన్సు మాస్టారు ఇక్కడే ఉన్నారు, నేను తప్పు చెబితే దిద్దుతారు. ఎప్పుడూ దిద్దారు కదా. మాస్టారూ, ఆ చెక్క అలమరలో సోడియం ముక్కని కిరోసిన్‌లో వేసి మీరు చూపించేవారు. ఇప్పుడా కిరోసిన్ ఉందో ఆవిరైపోయిందో ఎవరికీ తెలియదు. ఆ సీసా పట్టుకుని ఎవడైనా కుళాయి దగ్గర కడిగాడంటే మంటే. కింది అరలో గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్, నైట్రిక్ ఆసిడ్ ఉండేవి. ముప్ఫై ఏళ్ళలో చీటీలు చెదలు తినేసి ఉంటాయి, బిరడాలు పట్టుకుపోయి ఉంటాయి. గోడకున్న బారోమీటరులో పాదరసం ఉంది. చిన్నప్పుడు థర్మామీటరు పగిలితే మనం ఆ పాదరసాన్ని అరచేతిలో దొర్లించి ఆడాం, రూపాయి బిళ్ళకి రుద్ది మెరిపించాం. అది మామూలు వేడికే ఆవిరవుతుంది, ఆ ఆవిరి పీల్చడమే ప్రమాదం. నేల మీద పడితే చీపురుతో తోయకూడదు, అట్టముక్కతో దగ్గరికి చేర్చి మూతున్న సీసాలోకి ఎత్తాలి, కిటికీలు తెరిచి ఉంచాలి.

అందుకని కమిటీకి నా మనవి ఇది. ల్యాబు అలమర తాళం మాస్టారు వచ్చేదాకా తీయకండి. ఆయన కుర్చీలో కూర్చుని ఒక్కో సీసా చూసి ఏదేమిటో చెబుతారు, మా మేస్త్రీ చీటీ రాసి అంటిస్తాడు. ఏది దేనితో కలవకూడదో మాస్టారికి తెలిసినట్టు ఈ జిల్లాలో ఎవరికీ తెలియదని నా నమ్మకం. తర్వాత వాటిని ఎవరికి అప్పజెప్పాలో కాలుష్య నియంత్రణ మండలిని అడిగి, ఆ ఉత్తరం చేతిలో పెట్టుకుని మొదలుపెడదాం. వేసవి దాకా టైముంది.

స్టోరు గదిలో విరిగిన బల్లలు, రిజిస్టర్లు, మ్యాపులు. అవి శ్రమదానానికి సరిపోతాయి. పిల్లల్ని దానికి రమ్మనండి, కానీ పెద్దవాళ్ళు ముందు వెళ్ళి కర్రతో కదిపి చూశాక. వేసవిలో చల్లదనానికి పాములు చేరేది అలాంటి గదుల్లోకే. బల్లల మేకులు తుప్పు పట్టి ఉంటాయి. శ్రమదానానికి వచ్చేవాళ్ళంతా, పెద్దవాళ్ళతో సహా, ధనుర్వాతం టీకా వేసుకుని పదేళ్ళు దాటిందేమో చూసుకోండి. గబ్బిలాల రెట్ట, ఎలుకల పెంటికలు పొడిగా ఊడవకుండా ముందు నీళ్ళు చిలకరించండి. మధ్యాహ్నం 12 తర్వాత పని పెట్టకండి, మన ఎండలు మీకు తెలుసు.

ఇక రేకులు దించడం, బరువులు మోయడం మావాళ్ళు చేస్తారు. లారీ, బూట్లు, గ్లవ్స్, మాస్కులు నావి. మావాళ్ళ కూలి మాత్రం అసోసియేషన్ ఇవ్వాలి. అది నేను మానేయమనను, వాళ్ళు ఈ బళ్ళో చదవలేదు. మాస్టారికి కూర్చోడానికి నీడలో ఒక మంచి కుర్చీ వేయించండి, ఆ పూట కాఫీ కూడా. ఆయనకి పంచదార లేకుండా.